ఖాకీ చొక్కా గురించి ఊళ్లలో వినిపించే మాటలు: అపోహలు - వాస్తవాలు

గ్రామీణ పోలీసు స్టేషన్లలో ఎస్సైగా పనిచేస్తున్నాను. ఒక్కో స్టేషను కింద చాలా ఊళ్లుంటాయి. ఆ ఊళ్లవాళ్లు మమ్మల్ని చూసేది జాతర బందోబస్తులో, ఎన్నికల రోజున, లేకపోతే ఏదైనా ఘోరం జరిగినప్పుడు. పట్నంలో కూడలికో పోలీసు కనిపిస్తాడు కాబట్టి అక్కడివాళ్లకు అలవాటైపోతుంది. పల్లెలో మాత్రం మనిషికన్నా ముందు ఖాకీ కనిపిస్తుంది, అందుకే దాని చుట్టూ ఇన్ని నమ్మకాలు అల్లుకున్నాయి. గ్రామసభలకో, బడులకో మాట్లాడటానికి వెళితే నేరాల గురించి అడిగేవాళ్లతో సమానంగా బట్టల గురించి అడిగేవాళ్లు ఉంటారు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. యూనిఫాం వల్ల ఎక్కువ మేలు జరగాల్సింది పోలీసు ఎదుట నిలబడ్డ మనిషికి. తనతో మాట్లాడుతున్నది ఎవరు, ఏ హోదా, పేరేమిటి అని నోరు తెరిచి అడగకుండానే తెలుసుకునే హక్కు ఆ చొక్కా మీద కుట్టి ఉంది. ఆ సంగతి మరుగున పడిపోయి భయం ఒక్కటే మిగలడం నాకు బాధగా ఉంటుంది.

అపోహ: ఖాకీ వేసుకున్నవాళ్లంతా పోలీసులే

ఆటో డ్రైవరూ ఖాకీ వేసుకుంటాడు. ఆర్టీసీ డ్రైవరూ వేసుకుంటాడు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు, హోంగార్డు, అటవీ సిబ్బంది కూడా ఖాకీలోనే కనిపిస్తారు. రంగును బట్టి పోలీసని నిర్ణయించుకుంటే పొరపాటు పడతారు. చూడాల్సిన చోట్లు మూడు: భుజం పట్టీ, దాని చివర ఉండే లోహపు అక్షరాలు, కుడి జేబు పైన పేరు పలక.

హోంగార్డుల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. పల్లె స్టేషన్లు చాలావరకు వాళ్ల శ్రమ మీదే నడుస్తాయి. రాత్రి గస్తీలో, జాతర రద్దీలో మాతో సమానంగా నిలబడతారు. అయితే హోంగార్డు సంస్థ వేరు, చట్టం వేరు, జీతం లెక్క వేరు. కేసు దర్యాప్తు చేసే అధికారం వాళ్లకు లేదు. ఫిర్యాదు కాగితం హోంగార్డు చేతిలో పెట్టి "పోలీసుకు ఇచ్చాం" అనుకుని నెలల తరబడి ఎదురుచూసిన కుటుంబాలను నేను చూశాను. కాగితం స్టేషనులో ఇవ్వండి, రసీదు అడగండి. ఎఫ్ఐఆర్ నమోదైతే దాని ప్రతిని ఉచితంగా ఇవ్వడం మా బాధ్యత.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ అయోమయం ఇంకో మలుపు తిరిగింది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చినప్పుడు వాటిలో మహిళా సంరక్షణ కార్యదర్శులను నియమించారు. 2021 జూన్‌లో ప్రభుత్వం 59వ నంబరు జీవోతో వాళ్లను మహిళా పోలీసులుగా గుర్తించి, ఖాకీ వేసుకోవాలంది. దాని మీద కొందరు హైకోర్టుకు వెళ్లారు. పోలీసు నియామకానికి ఉండే పద్ధతి, శిక్షణ లేకుండా పోలీసు దుస్తులు ఎలా ఇస్తారన్నది అక్కడ వచ్చిన ప్రశ్న. నా దృష్టిలో అది న్యాయమైన ప్రశ్న. ఆ ఆడపిల్లల పనితనం మీద నాకు గౌరవం ఉంది; బాల్యవివాహాల సమాచారం ముందుగా అందేది చాలాసార్లు వాళ్ల నుంచే. కానీ ఒంటి మీద ఖాకీ చూడగానే ఊరి జనం అరెస్టు చేసే అధికారాన్ని ఊహించుకుంటారు. ఆ అధికారం లేని మనిషికి ఆ రంగు తొడిగితే రేపు గొడవల మధ్య చిక్కుకునేది ఆ మనిషే.

అపోహ: భుజం మీద మూడు నక్షత్రాలుంటే డీఎస్పీ

సీఐకీ మూడే, డీఎస్పీకీ మూడే. తేడా నక్షత్రాల్లో లేదు. భుజం పట్టీ చివర ఎరుపు, నీలం రంగుల రిబ్బను ఉంటే సీఐ, లేకపోతే డీఎస్పీ. అదే రిబ్బనుతో రెండు నక్షత్రాలుంటే ఎస్సై, ఒక్కటే ఉంటే ఏఎస్సై. హెడ్ కానిస్టేబులుకు నక్షత్రాలుండవు, బాణపు మొనలా మడిచిన పట్టీలుంటాయి. మూడు సింహాల చిహ్నం, దాని కింద నక్షత్రం కనిపిస్తే ఎస్పీ స్థాయి అధికారి అన్నమాట.

ఇది పిల్లలకు చెప్పే పాఠంలా అనిపించవచ్చు గానీ దీనివల్ల పని జరుగుతుంది. కొన్ని కేసులను ఫలానా హోదాకు తక్కువ కాని అధికారే దర్యాప్తు చేయాలని చట్టం చెబుతుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నమోదైన కేసును డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి. మీ వాంగ్మూలం తీసుకుంటున్న మనిషి భుజం వైపు ఒక్కసారి చూస్తే చాలు, సరైన అధికారి వచ్చారో లేదో మీకే తెలుస్తుంది.

అపోహ: జనాన్ని భయపెట్టడానికే బ్రిటిషువాళ్లు ఖాకీని ఎంచుకున్నారు

ఖాకీ పుట్టుక వెనుక ఉన్నది దుమ్ము. 1846లో పెషావరులో హ్యారీ లమ్స్‌డెన్ అనే సైనికాధికారి గైడ్స్ అనే దళాన్ని ఏర్పాటు చేసినప్పుడు, ఆ ప్రాంతపు మట్టిలో కలిసిపోయే రంగు బట్టలు వాళ్లకు ఇచ్చాడు. తెల్ల బట్ట ఒక్క పూటకే మాసిపోయేది, పైగా దూరం నుంచి కొట్టొచ్చినట్టు కనిపించేది. సైన్యానికి పనికొచ్చిన ఆ రంగు క్రమంగా పోలీసులకూ పాకింది. అయితే అన్ని చోట్లా కాదు. కోల్‌కతా నగర పోలీసులు ఇప్పటికీ తెల్ల దుస్తుల్లోనే ఉంటారు. అదే పశ్చిమ బెంగాల్ జిల్లాలకు వెళితే రాష్ట్ర పోలీసులు ఖాకీలో కనిపిస్తారు. ఫ్రెంచి పాలన గుర్తుగా పుదుచ్చేరి కానిస్టేబుళ్ల తల మీద ఎర్ర టోపీ నేటికీ మిగిలింది. పక్కనున్న కర్ణాటకలో ఒక అంచు పైకి మడిచిన స్లౌచ్ టోపీ తరాల తరబడి సాగి, 2025లో దాని స్థానంలో నీలం పీక్ క్యాప్ వచ్చింది.

మన పల్లెలకు ఖాకీ చేరక ముందు కూడా కాపలా ఉండేది. ఆంధ్ర ప్రాంతంలో మునసబు కింద తలారి, తెలంగాణలో పోలీసు పటేలు ఆ పని చూసేవారు. వాళ్లకు యూనిఫాం లేదు. చేతికర్ర, తలపాగా, వంశపారంపర్యంగా వచ్చిన పేరు, అంతే. అందరికీ తెలిసిన మనిషికి గుర్తింపు పలక అక్కర్లేదు. కానీ ఆ ఏర్పాటులో ఉన్న అన్యాయం కూడా అదే. అధికారం ఒక ఇంటిపేరుకు, ఒక కులానికి అంటిపెట్టుకుని ఉండేది, ప్రశ్నించే దారి ఉండేది కాదు. 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో ఆ వంశపారంపర్య పదవులు రద్దయ్యాయి. పాత పద్ధతిలోనే ఆప్యాయత ఉండేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఏ ఇంట పుట్టినా పరీక్ష రాసి, పరిగెత్తి, ఉద్యోగం సంపాదించిన అమ్మాయి భుజం మీదికి అదే రెండు నక్షత్రాలు రావడం నాకు చాలా గొప్ప విషయం.

ఖాకీ కూడా వచ్చినప్పటి రూపంలోనే ఉండిపోలేదు. పాత తరం కానిస్టేబుళ్లు మోకాళ్ల పైకి ఉండే నిక్కరు, పిక్కలకు చుట్టుకునే పట్టీలు, గంజి పెట్టి నిలబెట్టిన చొక్కాతో డ్యూటీ చేసేవారు. ఆ పట్టీలు చుట్టడం ఒక విద్య. వదులైతే నడకలో జారిపోతాయి, బిగిస్తే కాలు తిమ్మిరెక్కుతుంది. పొలం గట్ల మీద, ముళ్లకంపల మధ్య అర్ధరాత్రి బీటు తిరిగే మనిషికి నిక్కరు ఇచ్చిన కాలం అది. అధికారికి ప్యాంటు, కానిస్టేబులుకు నిక్కరు అన్న విభజనలో వాతావరణం కన్నా హోదాల మధ్య అంతరమే ఎక్కువ కనిపిస్తుంది. అందరికీ ప్యాంటు రావడాన్ని నేను కేవలం ఫ్యాషను మార్పుగా చూడను.

అపోహ: మఫ్టీలో ఉన్న పోలీసుకు అధికారం లేదు

దీనికి తిరగేసిన అపోహ కూడా ఒకటుంది: మఫ్టీలో వచ్చి "నేను పోలీసుని" అంటే చాలు, వెంట నడవాల్సిందేనని. రెండూ తప్పే.

పోలీసు అధికారం ఉద్యోగం నుంచి వస్తుంది, బట్ట నుంచి కాదు. 1861 పోలీసు చట్టం 22వ సెక్షన్ పోలీసు అధికారిని ఎల్లవేళలా డ్యూటీలో ఉన్నట్టే పరిగణించాలని చెప్పింది. దొంగల కదలికలు కనిపెట్టడానికి, నాటుసారా స్థావరాల సమాచారం సేకరించడానికి మామూలు బట్టల్లో వెళ్లక తప్పదు. తెలంగాణలో 2014లో మొదలైన షీ టీమ్స్ పని అంతా మఫ్టీ మీదే ఆధారపడింది. బస్టాపులో అల్లరి చేసేవాడు ఖాకీని చూస్తే ఆ క్షణానికి బుద్ధిమంతుడైపోతాడు కదా.

అరెస్టు దగ్గరికి వచ్చేసరికి చట్టం గీత గీసింది. డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఇచ్చిన తీర్పు ప్రకారం, అరెస్టు చేసే పోలీసుల ఒంటి మీద పేరు, హోదా స్పష్టంగా కనిపించాలి. తర్వాత అది నేర విచారణ స్మృతిలోకి వచ్చింది, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 36వ సెక్షన్‌లో ఉంది. అరెస్టు పత్రం రాయాలి, దాని మీద కుటుంబ సభ్యుడో ఊళ్లో గౌరవనీయుడైన వ్యక్తో సాక్షిగా సంతకం చేయాలి, అరెస్టయిన మనిషి కూడా సంతకం పెట్టాలి. అర్ధరాత్రి నంబరు పలక కనిపించని కారులో వచ్చి, పేరు చెప్పకుండా మనిషిని ఎక్కించుకుపోతే అది చట్టప్రకారం జరిగే అరెస్టు కాదు. ఈ మాట ఒక పోలీసు రాయడం కొందరు సహోద్యోగులకు నచ్చకపోవచ్చు. కానీ మేము పాటించాల్సిన నియమమే ఇది.

పేరు పలక గురించి ఒక కోరిక. నేను చూసిన పలకల్లో చాలావరకు పేరు ఇంగ్లీషులోనే ఉంటుంది. కూలి పనికి వెళ్లే అమ్మకు, తెలుగు మాత్రమే కూడబలుక్కుని చదివే తాతకు అది గీతల వరుస. చట్టం "స్పష్టంగా" అన్నప్పుడు ఎవరికి స్పష్టంగా అన్నది ఆలోచించాలి. పల్లె స్టేషన్లలో పేరు తెలుగులో కూడా ఉండాలి. ఖర్చు లేని మార్పు అది. నా పలక మీద రెండు భాషల్లోనూ చెక్కించుకున్నాను.

అపోహ: యూనిఫాంలో వెళితేనే విచారణ గట్టిగా సాగుతుంది

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇది. ఊరి పెద్దలకే కాదు, మాలో కొందరికి కూడా ఉంది.

పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించి 2012లో వచ్చిన పోక్సో చట్టం 24వ సెక్షన్ చదవండి. పిల్లల వాంగ్మూలం నమోదు చేసే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తక్కువ కాని మహిళా అధికారి ఆ పని చేయాలి. అదీ స్టేషనులో కాదు. బిడ్డ ఉండే ఇంట్లోనో, బిడ్డ కోరుకున్న చోటో. రాత్రిపూట ఏ కారణంతోనూ పిల్లలను స్టేషనులో ఉంచకూడదు. బాల న్యాయ చట్టం కింద వచ్చిన 2016 నమూనా నిబంధనలు కూడా బాలల సంక్షేమ పోలీసు అధికారి సాధారణ దుస్తుల్లో ఉండాలనే చెబుతున్నాయి. ఖాకీ ఎదుటి మనిషిని నోరు విప్పనివ్వని సందర్భం ఒకటి ఉందని చట్టమే గుర్తించి, దాన్ని విప్పి రమ్మంది.

ఒక కేసులో నేను వెళ్లేసరికి ఆ పాప నాయనమ్మ కొంగు పట్టుకుని గోడ వైపు తిరిగి ఉంది. ముందురోజు స్థలం చూడటానికి సిబ్బంది యూనిఫాంలో వచ్చి వెళ్లారు. అప్పటినుంచి అన్నం కూడా సరిగ్గా తినలేదట. జీపు ఊరి బయటే ఆపి, మామూలు నూలు చీరలో నడిచి వెళ్లాను. నేల మీద కూర్చుని వాళ్ల నాయనమ్మతో చాలాసేపు పొలం గురించి, కోళ్ల గురించి మాట్లాడాను. పాప మెల్లగా ఇటు తిరిగి "నువ్వు టీచరువా?" అని అడిగింది. కాదమ్మా, పోలీసుని అని చెప్పాను. గుర్తింపు కార్డు తీసి చేతికిచ్చాను. కార్డు మీద ఖాకీలో ఉన్న నా ఫోటోను, ఎదురుగా చీరలో ఉన్న నన్ను మార్చి మార్చి చూసింది. ఇంకో రెండు ప్రశ్నలు తనే వేసింది: తుపాకీ ఎక్కడుంది, ఇప్పుడు ఎవరిని పట్టుకుపోతావు అని. తుపాకీ తేలేదని, తనను గానీ నాయనమ్మను గానీ ఎక్కడికీ తీసుకువెళ్లనని చెప్పాక మాటలు మొదలయ్యాయి.

ఇక్కడ కొత్త ఎస్సైలకు ఒక మాట. యూనిఫాం వద్దని చట్టం చెప్పింది గానీ ఎవరన్నది దాచమనలేదు. టీచరునని, అత్తనని అబద్ధం చెప్పి బిడ్డతో మాట్లాడించకండి. నిజం తెలిసిన రోజు ఆ బిడ్డ ఇంకెవ్వరినీ నమ్మదు, రేపు కోర్టులో నిలబడాల్సింది కూడా తనే. ఇంకోటి, ఒక జత మామూలు బట్టలు జీపులోనో స్టేషనులోనో ఎప్పుడూ ఉంచుకోండి. బందోబస్తు నుంచి నేరుగా వెళ్లాల్సి వచ్చిందని, టైము లేదని ఖాకీలోనే వాంగ్మూలం తీసుకున్న సందర్భాలు జరుగుతూనే ఉన్నాయి.

అపోహ: టోపీ లేని పోలీసు సెల్యూట్ చేయకపోతే అది నిర్లక్ష్యం

తల మీద టోపీ లేనప్పుడు చేయెత్తి సెల్యూట్ చేయకూడదన్నది మాకు డ్రిల్లులో నేర్పే పాఠం. అటెన్షన్‌లో నిలబడితే అదే గౌరవం. మఫ్టీలో ఉన్నా అంతే. జెండా వందనం నాడు ఎవరో పెద్దమనిషి వచ్చినప్పుడు కానిస్టేబులు చేయెత్తలేదని ఊళ్లో చర్చలు పెట్టకండి.

అపోహ: చీర పోయి ప్యాంటు, చొక్కా వచ్చాక మహిళా పోలీసుల ఇబ్బందులు తీరిపోయాయి

చీరతో పరుగెత్తడం, గోడ దూకడం, బైకు నడపడం ఎంత కష్టమో ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు. కర్ణాటకలో 2018లో ఖాకీ చీర బదులు ప్యాంటు, చొక్కా వేసుకోవాలని ఉత్తర్వులు వచ్చినప్పుడు అక్కడ డీజీపీగా ఉన్నది ఒక మహిళే, నీలమణి రాజు. ఆ మార్పు కావాల్సిందే. కానీ ప్యాంటు ఇవ్వడంతో పని అయిపోలేదు.

యూనిఫాం బట్ట, కత్తిరింపు, బెల్టు, హోల్‌స్టర్ (తుపాకీ పెట్టుకునే తోలు ఒర), తూటాలు తట్టుకునే జాకెట్టు, అన్నీ మగవాళ్ల ఒంటి కొలతలతో మొదలైనవి. జాకెట్టు ఛాతీ దగ్గర బిగిసి, నడుము దగ్గర వదులై, కింద కూర్చుంటే మెడకు తగులుతుంది. ఇక జాతర బందోబస్తు సంగతి చూడండి. పొద్దున్నే ఊరి చివర నిలబడతాం. మరుగుదొడ్డి ఉండదు. ఉన్నా బెల్టు, హోల్‌స్టర్, విజిల్ తాడు ఒక్కొక్కటే విప్పి, వాటిని కింద పెట్టడానికి శుభ్రమైన చోటు లేక మెడలో వేలాడదీసుకోవాలి. ఇదంతా ఎందుకని ఆడపిల్లలు నీళ్లు తాగడం మానేస్తారు. ఆ తర్వాత మూత్రనాళ ఇన్ఫెక్షన్లతో సెలవు పెడతారు. బందోబస్తు ప్రణాళికలో సంచార మరుగుదొడ్డి బండిని రాసుకోవడం బారికేడ్లను రాసుకున్నంత మామూలు విషయం కావాలి. నేను పనిచేసిన చోట్ల గట్టిగా అడిగితే వచ్చింది, అడగని చోట రాలేదు.

కుట్టించుకోవడంలోనే ఎంత అవమానం ఉండవచ్చో 2022 ఫిబ్రవరిలో నెల్లూరులో అందరూ చూశారు. మహిళా పోలీసుల యూనిఫాం కోసం మగ దర్జీ చేత కొలతలు తీయించిన ఫోటోలు బయటికి వచ్చి రాష్ట్రమంతా నిరసన రేగింది. ఆ తర్వాతే ఆ పనికి మహిళలను పెట్టారు. ఒక ఫోటో బయటికి వస్తే తప్ప ఆ ఆలోచన ఎవరికీ తట్టకపోవడం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

గర్భంతో ఉన్న సిబ్బందికి చాలాచోట్ల స్టేషను అధికారి మంచితనం మీదే వదులు బట్టలకు అనుమతి దొరుకుతుంది. అది మంచితనానికి వదిలేయాల్సిన విషయం కాదు, గర్భిణులకు తగిన యూనిఫాం కిట్టులోనే భాగం కావాలి.

నగల గురించీ అడుగుతారు. పెళ్లయినవాళ్లు నల్లపూసలు, మంగళసూత్రం వేసుకోవచ్చు, కాలరు లోపల ఉంచుకోవాలి. ఇందులో సంప్రదాయాన్ని తక్కువ చేయడం ఏమీ లేదు. తాగి గొడవ చేస్తున్నవాడిని అదుపు చేసేటప్పుడు మెడలో వేలాడే గొలుసు వాడి చేతికి మొదట దొరుకుతుంది. వేలాడే చెవి లోలాకులు వద్దనేదీ అందుకే.

అపోహ: గడ్డం పెంచడం, మాల వేసుకోవడం వ్యక్తిగతం కాబట్టి యూనిఫాం నియమం వర్తించదు

సిక్కు ఉద్యోగులకు తలపాగా, గడ్డం అనుమతి ఉంది. మిగతావాళ్లకు అనుమతి లేకుండా గడ్డం పెంచడం క్రమశిక్షణ కిందికి వస్తుంది. వైమానిక దళ ఉద్యోగి ఒకరి కేసులో 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు, సాయుధ దళాల్లో ఏకరూపత, క్రమశిక్షణ కోసం ఇలాంటి నియమం పెట్టవచ్చని చెప్పింది. పోలీసు శాఖలూ అదే బాటలో నడుస్తున్నాయి.

మన రెండు రాష్ట్రాల్లో ఏటా కార్తీకం వస్తే అయ్యప్ప దీక్ష చర్చకు వస్తుంది. దీక్షలో ఉంటూ నల్లబట్టలతో, బూట్లు లేకుండా, గడ్డంతో డ్యూటీ చేయడానికి అనుమతి లేదని, దీక్ష తీసుకునేవాళ్లు సెలవు పెట్టుకోవాలని శాఖ ఉత్తర్వులు ఇస్తూ వచ్చింది. నేను దేవుణ్ని నమ్మే మనిషిని. అయినా ఈ నియమం సరైనదేనని అనుకుంటాను. రెండు మతాలవాళ్ల మధ్య గొడవ జరుగుతున్న ఊరికి వెళ్లినప్పుడు, ఎదుటివాళ్లు నా ఒంటి మీద ఏ గుర్తూ చూడకూడదు. దానితోపాటు ఇంకో మాట కూడా అంటాను. సెలవు పెట్టుకోమన్నప్పుడు సెలవు ఇవ్వాలి. సిబ్బంది కొరత చూపించి ఏడాదంతా సెలవు తిరస్కరించి, పండగనాడు నియమం చదివి వినిపిస్తే అది న్యాయం అనిపించుకోదు. రంజాను ఉపవాసాలకైనా, క్రిస్మస్‌కైనా ఇదే మాట.

అపోహ: యూనిఫాం మీద చేయి వేస్తే దానికి ప్రత్యేకంగా పెద్ద కేసు ఉంటుంది

బట్టను తాకడమే నేరమని చెప్పే సెక్షన్ ఏదీ లేదు. విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వోద్యోగిని అడ్డుకోవడానికి దాడి చేయడం, బలప్రయోగం చేయడం నేరం. భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షన్ కింద దానికి రెండేళ్ల వరకు జైలు పడవచ్చు. ఇది పోలీసుకు ఎలాగో వీఆర్వోకు, ప్రభుత్వ నర్సుకు కూడా అలాగే వర్తిస్తుంది. ఏడుస్తూ వచ్చిన తల్లి నా చేయి పట్టుకుంటే, కాలరు పట్టుకుని "నా కొడుకును తెచ్చివ్వు" అంటే, దానికి ఈ సెక్షన్ చూపించడం నేను సహించను.

అపోహ: నాటకంలో, పెళ్లి వీడియోలో పోలీసు వేషం వేసినా నేరమే

మోసం చేసే ఉద్దేశంతో ప్రభుత్వోద్యోగి దుస్తులు వేసుకుంటే న్యాయ సంహిత 205వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ. పోలీసునని నమ్మించి ఆ హోదాలో ఏదైనా పని చేస్తే 204వ సెక్షన్ వర్తిస్తుంది, దానికి కనీసం ఆరు నెలల శిక్ష ఉంది. బడి వార్షికోత్సవంలో పిల్లవాడు వేసే వేషానికి ఇవేవీ తగలవు. ప్రైవేటు సెక్యూరిటీ సంస్థలు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. 2005 నాటి ప్రైవేటు భద్రతా సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం గార్డులకు పోలీసు, సైనిక దుస్తులను పోలిన బట్టలు తొడిగితే ఏడాది వరకు జైలు పడవచ్చు. చేపల చెరువుల దగ్గర, క్వారీల దగ్గర ఖాకీ ప్యాంటు, నక్షత్రాల చొక్కాతో కాపలా పెట్టే యజమానులకు ఈ సంగతి తెలియదు.

అపోహ: దేశమంతా ఒకటే ఖాకీ, ప్రభుత్వమే కుట్టించి ఇస్తుంది

ఒకే స్టేషను సిబ్బందిని వరుసలో నిలబెట్టి చూడండి. ఒకరిది గోధుమ రంగుకు దగ్గర, ఇంకొకరిది పచ్చదనం కలిసిన ఖాకీ, వేరొకరిది ఉతికి ఉతికి వెలిసి తెల్లబారింది. కిట్టులో బట్ట ఇచ్చినా అది అందరికీ ఒకేసారి రాదు, వచ్చినా సరిపోదు. మిగతాది బయట కొనుక్కుని సొంత డబ్బుతో కుట్టించుకుంటారు. దుకాణం మారితే అద్దకం మారుతుంది. కిట్ ఇన్‌స్పెక్షన్‌లో టర్నౌట్ (దుస్తుల తీరు) బాగాలేదని కానిస్టేబులును మందలించే ముందు, ఆ చొక్కా కొన్నది ఎవరో అడగాలి.

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో పోలీసు వ్యవస్థ రాష్ట్రాల జాబితాలో ఉంది కాబట్టి యూనిఫాం కూడా రాష్ట్రాలే నిర్ణయించుకుంటాయి. కేంద్రంలోని పోలీసు పరిశోధన, అభివృద్ధి సంస్థ కొన్నేళ్ల కిందట అహ్మదాబాదు జాతీయ డిజైన్ సంస్థతో కొత్త నమూనాలు తయారు చేయించింది. 2022 అక్టోబరులో సూరజ్‌కుండ్ సమావేశంలో ప్రధాని 'ఒకే దేశం, ఒకే పోలీసు యూనిఫాం' ఆలోచనను రాష్ట్రాల ముందు పెట్టారు. అది ఆలోచన అని ఆయనే చెప్పారు, ఆదేశం కాదు.

రంగు ఒకటైతే నాకు అభ్యంతరం లేదు. కానీ నన్ను అడిగితే బట్టతో మొదలుపెట్టమంటాను. రెంటచింతల, రామగుండం ఎండల్లో మే నెల మధ్యాహ్నం ముతక పాలిస్టరు కలిసిన చొక్కా వీపుకు అతుక్కుపోతుంది, బెల్టు కింద చెమటకు చర్మం ఒరుసుకుపోతుంది. తోలు బూట్లలో పాదాలు నానిపోతాయి. వరినాట్ల కాలంలో బురదగట్టు మీద శవ పంచనామాకు అవే బూట్లతో దిగుతాం, తిరిగి వచ్చి అవే ఆరబెట్టుకుని రాత్రి గస్తీకి వెళతాం. గాలి ఆడే నూలు బట్ట, వానాకాలానికి వేరే బూట్లు, నోటుపుస్తకం, ఫోను, బాడీ కెమెరా పట్టే జేబులు, వేసవిలో తల చుట్టూ నీడనిచ్చే టోపీ, ఆడవాళ్లకు వాళ్ల కొలతలతో కత్తిరించిన ప్యాంటు: పల్లె స్టేషనుకు కావాల్సినవి ఇవి. నమూనాలు తయారు చేసేవాళ్లు ఒక్క వేసవి, ఒక్క వానాకాలం ఏదైనా మండల స్టేషను సిబ్బందికి వాటిని తొడిగి చూసి, తర్వాత ఖరారు చేయాలని నా విన్నపం.